ఊరి చరిత్రము వ్రాయువారెవరు?



నేటి ప్రసంగ విషయము గ్రామ చరిత్రము. రాజుల సంగతి ఈ పూట కొంత ప్రక్కన నుంచి, మనము పుట్టి పెరిగిన యూరి సంగతి మాటలాడుకొందము. ఈ కాలమున మన బాన్సువాడ ప్రాంతమందును, తెలుగునాట అనేక స్థలములందును చదువుకొనిన యువకులు నలుగురైదుగురు స్నేహితులు కూడి, తమ యూరి వృత్తాంతమును సేకరించి అంతర్జాలమున ప్రకటింప పూనుకొనుచున్నారు. దానిని వారు వెబ్‌సైటు అందురు. దూరదేశమున కొలువు చేయుచున్న మన యూరి బిడ్డయు తన చేతి ఫోనులో తెరచి చదువుకొనదగిన పుస్తకము వంటిదని తలచుకొనుడు.

ఆ యువకులు మన యరుగుమీదికి వచ్చి, “తాతా, ఈ చెరువు నెవరు త్రవ్వించిరి? బురుజు ఎప్పుడు కూలెను? ఊరవతలి పాటిమీద ఎవరుండెడివారు?” అని యడుగుదురు. కొందరు పెద్దలు సంతోషించి చెప్పుదురు. కొందరు “ఇది తెలిసికొని మీరు చేయునదేమి?” అని పంపివేయుదురు. మరికొందరు, ఈ మాటలు భూమి తగాదాలకు దారితీయునేమో యని నోరు మెదపరు. పెద్దల నుద్దేశించి ఈ ప్రసంగము చేయుటకు ఇదియే కారణము.

నేను చెప్పదలచిన మాట యొక్కటే. ఊరి చరిత్రము ఒక్కని వలన కాదు. పదిమంది కూడి, కన్నది కన్నట్లు, విన్నది విన్నట్లు వేరువేరుగా వ్రాసి, ఒకటికి పది ప్రతులు చేసిననే అది నిలుచును. ఆ పదిమందిలో మొదటి స్థానము పెద్దలది. ఇది నా యూహ కాదు. రెండు వందల యేండ్లకు పైగా మన దేశమున జరిగిన పనియే దీనికి సాక్ష్యము.

పూర్వము గ్రామ కరణములు దండకవిలెలని కొన్ని లెక్కకట్టలు పెట్టెడివారు. అందు శిస్తు లెక్కలతోపాటు ఊరెవరు కట్టించిరి, గుడికి మాన్యమెవ్వరిచ్చిరి, ఏ కాలమున ఏ చెరువు తెగెను, ఏ కరవున ఊరు పాడుపడి మరల నెప్పుడు కుదుటబడెను అను సంగతులును చేరుచుండెను. తండ్రి వ్రాసినదానికి కొడుకు చేర్చుచు, తరతరములుగా అది పెరుగుచు వచ్చెను.

కాలిన్ మెకంజీ యను స్కాట్లండు దేశస్థుడు 1783లో మద్రాసునకు వచ్చి, ఇంజనీరుగాను, భూమి కొలతల యధికారిగాను పనిచేసి, 1815లో భారతదేశమునకు సర్వేయరు జనరలు అయ్యెను. ఆయనకు దేశచరిత్రమందు మిక్కిలి మక్కువ. కాని మన భాషలు రావు. 1796లో ఏలూరి వాడైన కావలి వెంకట బొర్రయ్య ఆయన కొలువున చేరెను. అప్పటినుండి మెకంజీకి ఈ దేశపు తలుపు తెరచుకొన్నట్లాయెను. బొర్రయ్య పాత శాసనముల లిపులను చదువుట సాధించెను. 1803లో చిన్న వయసుననే ఆయన కాలధర్మము నొందగా తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. మరియొక తమ్ముడు రామస్వామియు ఆ పనిలోని వాడే. వారి క్రింద పలు భాషలెరిగిన సహాయకులు ఊరూరు తిరిగి కరణముల కవిలెలకు నకళ్లు వ్రాసిరి; గ్రామ వృద్ధుల నడిగి వ్రాసికొనిరి; గుళ్లలోని శాసనములకు ప్రతులు తీసిరి. అట్లేర్పడినవే గ్రామ కైఫీయతులు. కైఫీయతు అనగా వృత్తాంతమని యర్థము.

మెకంజీ 1821లో కలకత్తాలో మరణించెను. లక్ష్మయ్య ఆ పనిని తానే సాగింప కోరెను. కాని కలకత్తాలోని ఏసియాటిక్ సొసైటీ వారు, అంతటి పనిని నడపుటకు ఆయన చాలడని త్రోసిపుచ్చిరి. ఇరువదియైదేండ్లు చేసిన వానికి పని రాదని, ఒక్క గ్రామము చూడనివారు తీర్పు చెప్పిరి! పని యాగెను. తరువాత కడపలోను, మచిలీపట్టణమందును కొలువు చేసిన బ్రౌను దొరగారు, ఆ కాగితములు పురుగు తిని శిథిలమగుచుండుట జూచి, పండితులకు జీతములిచ్చి మరల నకళ్లు వ్రాయించిరి. ఆ ప్రతులే మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నిలిచినవి. కడపలో బ్రౌనుగారి పేర వెలసిన గ్రంథాలయము వారు మన కాలమున ఆ జిల్లా కైఫీయతులను అచ్చువేయించిరి. కవిలె పోయినది, కరణము పోయినాడు, నకలు మిగిలినది. నకలే మిగిలించినది.

ఆ కైఫీయతులలో ఒక లోపమును కలదు. అనేక గ్రామముల వృత్తాంతము జనమేజయ మహారాజుతోనో, ముక్కంటి పల్లవునితోనో మొదలగును. ప్రతి యూరి వారికిని తమ యూరు పురాణకాలము నాటిదని చెప్పుకొనుట ముచ్చట. వ్రాయువాడు విన్నదానిని విన్నట్లు వ్రాసెను. అందు తప్పు లేదు. కాని విన్నదియు, శాసనమున చూచినదియు ఒకే వరుసలో కలిసిపోవుటచేత తరువాతి చరిత్రకారులు నూకలలో రాళ్లేరినట్లు ఏరుకొనవలసి వచ్చెను. నేటి యువకులు దీనిని గమనింపవలెను.

కైఫీయతులలో అధికభాగము సర్కారు జిల్లాలకును, రాయలసీమకును చెందినవి. నిజాము రాజ్యమందలి మన యూళ్లకు ఆ భాగ్యము తక్కువ. మన ప్రాంతమున ఈ పనిని ప్రభుత్వోద్యోగి యెవరును మొదలుపెట్టలేదు, స్నేహితులు మొదలుపెట్టిరి. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగు మిత్రులు దానికి మూలస్తంభములు. 1906లో ఆ మిత్రులే విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర గ్రంథములను తెలుగున ప్రకటింప మొదలిడిరి.

పిమ్మట 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార మహాసభలో ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగున మాటలాడగా సభలోని కొందరు గేలిచేసి ఆయనను మాటలాడనీయరైరి. ఆ యవమానము తెలుగువారి గుండెకు తగిలెను. ఆ దినములలోనే ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు ఆ సంఘమునకు పెట్టుకొన్న యుద్దేశములలో, గ్రంథాలయములు స్థాపించుట, పాఠశాలలు పెట్టుట యనువానితోపాటు తాళపత్ర గ్రంథములను, శాసనములను సేకరించుట కూడ నొకటి. అవమానము పొందినవారు తిట్టుటకు పూనుకొనక, తమ యూళ్లలోని రాళ్లను చదువుటకు పూనుకొనిరి. ఇది గౌరవింపదగిన సంగతి. ఆ పరిశోధన శాఖయే, లక్ష్మణరావు పంతులుగారు 1923లో స్వర్గస్థులైన పిదప, ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి యని ప్రసిద్ధి కెక్కెను.

ఆ మండలికి ప్రాణముగా నుండిన ఆదిరాజు వీరభద్రరావుగారు తెలుగు చెప్పుకొని జీవించిన ఉపాధ్యాయులు. దూపాటి వారైన శేషాద్రి రమణ కవులు జంటగా గ్రామములు తిరిగి శాసనములను సేకరించిరి. వారికి మోటారు బండ్లు లేవు, ఫోటో యంత్రములు లేవు. శాసనపు రాయి యెక్కడ నున్నదో చెప్పువాడు ఆ యూరి పసులకాపరి. రాతిని నీటితో కడిగి, కుంచెతో మన్ను దులిపి, తడి కాగితము పరచి, కుచ్చుతో కొట్టగా కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. పైన మసి యద్దినచో నల్లని నేలమీద తెల్లని యక్షరములు కనబడును. ఒక్క శాసనమునకు ఒక పూట. అట్టి పూటలు ఎన్నియో కూడగా 1935లో “తెలంగాణా శాసనములు” మొదటి సంపుటము అచ్చుపడెను. నిజాము ప్రభుత్వమునకు 1914 నుండి పురావస్తు శాఖ యుండెను. అది గొప్ప పనులు చేసెను. అయినను తెలుగు శాసనములను తెలుగువారి చేతికి తెలుగు పుస్తకముగా నందించినది ఈ మిత్రమండలి.

మన కాలమునను ఈ మార్గము నడచుచున్నవారు కలరు. శ్రీరామోజు హరగోపాల్ గారు మొదలగువారి “కొత్త తెలంగాణ చరిత్ర బృందము” గ్రామములు తిరిగి పాత సమాధి రాళ్లను, విగ్రహములను, శాసనములను వెలికి తెచ్చుచున్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో జీతము లేని రచయితలు ఊరికొక పుట చొప్పున గ్రామముల సంగతులను వ్రాయుచు వచ్చిరి.

ఒక్క యూరి రాయి చదివినందువలన ఏమి ఫలమందురా? కరీంనగరము సీమలోని కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట యని యొక గుట్ట కలదు. గుట్టమీద రాతికి చెక్కిన జైన విగ్రహములు. వాని క్రింద అక్షరములు. కన్నడ సాహిత్యమున ఆదికవిగా పేరుపొందిన పంపని తమ్ముడు జినవల్లభుడు వ్రాయించిన శాసనమది. పదవ శతాబ్ది నాటిది. అందు సంస్కృతమును, కన్నడమును, తెలుగును మూడును కలవు. తెలుగున మూడు కంద పద్యములు కలవు. పంపని తల్లిదండ్రుల పేర్లు, వంశము, వేములవాడ చాళుక్య ప్రభువైన అరికేసరి ఆయన కిచ్చిన అగ్రహారము మొదలగు సంగతులు ఆ రాయి చెప్పినది. నన్నయగారి భారతమునకు నూరేండ్లకు పూర్వమే తెలంగాణపు గుట్టమీద తెలుగు కందము వెలసెనని ఆ రాయి సాక్ష్యమిచ్చుచున్నది. ఆ యక్షరములు వేయియేండ్లు అక్కడనే యుండెను. చదువువారు వచ్చువరకు కాచుకొని యుండెను. గుట్టను కంకరకు కొట్టియుండినచో ఏమయ్యెడిదో ఆలోచింపుడు.

ఇక మన సీమకు వత్తము. మనకు ఉత్తరమున నున్న బోధను పూర్వము పోదనమను పేర వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని. 966 నాటి పర్భణీ తామ్రశాసనమున ఆ వంశపు యుద్ధమల్లుడు పోదనములో నూనెతో నింపిన దిగుడుబావియందు ఏనుగులకు స్నానము చేయించెనని చెప్పబడియున్నది. జైనులు తమ బాహుబలి యేలిన పౌదనపురమిదియే యని చెప్పుదురు. మనకు పడమట నున్న కౌలాసు కోటకు రాజైన దీపసింగు 1857 తిరుగుబాటును అనుసరించి వచ్చిన దినములలో తెల్లవారికి వ్యతిరేకముగా జరిగిన యత్నమందు చేరి శిక్ష ననుభవించెను. మన జిల్లాలోనే యున్న దోమకొండ కోటను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారము లభించెను. ఇవి పెద్ద పేర్లు. వీనిని గూర్చి వ్రాయువారు వేరుగ నున్నారు. మన యువకులు వ్రాయవలసినది వీనివెనుక దాగియున్న చిన్న పేర్లను.

దృష్టాంతము చెప్పెదను. మంజీర నదికి అడ్డముగా నిజాంసాగరము కట్టుట 1923లో మొదలై 1931లో ముగిసెను. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు కాలము. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగు. 2,75,000 ఎకరములకు నీరు పారించుటకు ఏర్పరచిన పని యది. ఆ ప్రధాన కాలువ నీటివలన మన నేలలో వరియు చెరకును పెరిగెను; బోధనులో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసెను; అది 2015 డిసెంబరులో మూతపడెను. ఇంతవరకు ఏ పుస్తకము చూచినను దొరకును. కాని ఆ సాగరము క్రింద మునిగిన యూళ్ల మాట యేమి? ఆ యూళ్ల బొడ్రాళ్లెక్కడ నుండెను? పోచమ్మను ఏ పల్లెకు తీసికొనిపోయి నిలిపిరి? లేచిపోయిన కుటుంబములు ఏ యూరు చేరి ఏ యింటిపేర పిలువబడుచున్నవి? ఈ సంగతులు ఏ సర్కారు దఫ్తరమందును వ్రాయబడవు. అవి కొన్ని కుటుంబముల నోటనే యున్నవి. ఆ యూళ్లలో ఆడుకొన్న పిల్లలు నూరేండ్ల వారైరి. అనగా ఇక లేరు. వారి మాటను విన్న కొడుకులు, కోడండ్రు మాత్రమే మిగిలియున్నారు.

కాలువ వచ్చిన పిదప కృష్ణా, గుంటూరు, గోదావరి సీమలనుండి రైతులు వచ్చి భూములు కొని, అడవులు కొట్టి సేద్యము చేసిరి. వారి నివాసములకు క్యాంపులని పేరు. వారు వచ్చినప్పటి గుడిసెలు, మలేరియా జ్వరములు, మొదటి పంట, స్థానికులతోడి స్నేహములును కలహములును — ఇవియు మన చరిత్రమే. ఊరివాడు తన మాట చెప్పవలెను, క్యాంపువాడు తన మాట చెప్పవలెను. రెండు మాటలు రెండుగనే వ్రాయబడవలెను.

కాగితముల మాట. మన తెలంగాణమున మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ యని గ్రామాధికారులుండిరి. 1984లో ఆ పద్ధతి రద్దయ్యెను. పట్వారీల యిండ్లలోని దస్తరములు కొన్ని కచేరీకి చేరెను. కొన్ని అటకలమీద నుండిపోయెను. కొన్ని పొట్లములకు పోయెను. సేత్వారు, పహాణీ, 1954–55 నాటి ఖాస్రా పహాణీ — ఇవి భూమి తగాదాలకు మాత్రమే పనికివచ్చునని మనము తలతుము. చరిత్రకారునకు అందు పొలముల పేర్లు, కుంటల పేర్లు, ఇనాములు, పడావులు, కౌలుదార్లు అందరును కనబడుదురు. నీరటికి ఎంత మాన్యము, వడ్రంగికి ఎంత, మస్కూరికి ఎంత యను సంగతి అందు దొరకును. ఊరు ఏ విధముగా బ్రతికెనో అదియే చెప్పును.

ఆ కాగితములలోని కాలమును లెక్కించుట తెలియవలెను. నిజాము ప్రభుత్వమువారు ఫసలీ సంవత్సరము వాడిరి. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు శకము దొరకును. 1358 ఫసలీ యనగా 1948–49. పోలీసు చర్య జరిగిన పిమ్మట మొదలైనది. జాగీరులు రద్దయిన 1949 ఆగస్టు దినములును ఆ ఫసలీలోనివే. శాసనములలో శాలివాహన శకము కనబడినచో 78 కలుపవలెను. ప్రభవాది సంవత్సరముల పేరు మాత్రమే యున్నచో అరువదేండ్లకొకసారి అదే పేరు తిరిగి వచ్చునుగాన, రాజు పేరో లిపియో చూచి నిర్ణయింపవలెను. ఇట్టి లెక్క తప్పినవాడు తాతను మనుమనికి మనుమనిగా చేయగలడు.

ఇంతటి పనికి ఒక్కడు చాలునా? చాలడు. పాత కాగితములు ఉర్దూలో నుండును. కావున ఉర్దూ చదివిన మౌల్వీగారు మండలిలో నుండవలెను. మన సీమ మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు సీమ. మద్నూరు, జుక్కలు వైపు మరాఠీ, కన్నడములు వినబడును. ఆ భాషల వారుండవలెను. లిపి చదువువాడొకడు, ఫోటో తీయువాడొకడు, కంప్యూటరు తెలిసినవాడొకడు, ఇంటింట తలుపు తట్టి మాటలాడగల యోర్పు గలవాడొకడు. అన్ని వాడలవారును ఉండవలెను. గడిలో కూర్చుండి వ్రాసిన చరిత్రమున గడి మాత్రమే కనబడును. మన గ్రామములలో ప్రతి కులమునకును తన చరిత్రము చెప్పువారు వేరుగా నుండిరి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు — పటము విప్పి, బొమ్మ చూపి, వంశము పాడెడివారు. వారి రాక తగ్గిపోయినది. వారు వచ్చిన దినమున ఒక రాత్రి కూర్చుండబెట్టి ఆ కథను రికార్డు చేయుట శాసనము చదువుటకు తీసిపోని పని. స్త్రీల మాట మరువరాదు. పుట్టింటి యూరు, అత్తవారి యూరు రెండును ఎరిగినవారు వారు. కరవు ఎట్లుండెనో లెక్కకట్టలో నుండదు. ఆ యేట ఏమి వండుకొని తినిరో అవ్వ చెప్పును.

ఊరి పేరును గూర్చి యొక మాట. పేరు వినగానే అర్థము చెప్పుటకు అందరికిని ఉబలాటము. బాన్సువాడ యనగానే హిందీ భాషలోని వెదురు పేరు స్ఫురించును. రాజస్థానమునను ఇట్టి పేరు గల పట్టణము కలదు. మాట పోలిక సాక్ష్యము కాదు. పాత కాగితమున ఆ పేరు ఏ విధముగా వ్రాయబడినదో, ఏ సంవత్సరమున మొదట కనబడినదో చూపినచో అది చరిత్రము, తక్కినది ముచ్చట. ముచ్చటను కొట్టివేయనక్కరలేదు. “ఇట్లు చెప్పుకొందురు” అని దాని స్థానమున దాని నుంచవలెను.

తగాదాల భయమును గూర్చి పెద్దలకు మనవి. గుడి మర్యాద ఎవరిది, ఇనాము ఎవరిది, రజాకార్ల కాలమున ఎవరు ఏ పక్షముననుండిరి — ఇట్టి సంగతులలో ఒక్కొక్క యింట ఒక్కొక్క కథ యుండును. చరిత్రము వ్రాయువారు న్యాయాధిపతులు కారు. ఎవరు, ఏ దినమున, ఎక్కడ కూర్చుండి చెప్పిరో వ్రాసి, రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచుట వారి ధర్మము. బ్రతికియున్నవారికి హాని కలిగించు మాటను ఇప్పుడు ప్రకటింపక మూసియుంచుటయు ధర్మమే. ఒక కులమును తక్కువచేయు కథను గర్వముతో అచ్చువేయుట మాత్రము పాపము. కాని ఇవన్నియు వ్రాయు పద్ధతికి నియమములు; వ్రాయకుండుటకు సాకులు కావు.

యువకులకు ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది. ఇది పెద్దలును వినదగినది. అంతర్జాలమున నుంచినది శాశ్వతమని వారు తలతురు. ఇంగ్లండు దేశపు కథ వినుడు. 1086లో అక్కడి రాజు విలియము తన రాజ్యమందలి గ్రామములను, భూములను, నాగళ్లను లెక్క వేయించి గొర్రె తోలుమీద వ్రాయించెను. దానికి డూమ్స్‌డే పుస్తకమని పేరు. తొమ్మిది వందల యేండ్లు నిండిన సందర్భమున 1986లో బీబీసీ రేడియో సంస్థవారు క్రొత్త గ్రామ వృత్తాంతమును తయారుచేయించిరి. పదిలక్షలకు పైగా జనులు, బడిపిల్లలు, ఉపాధ్యాయులు తమ తమ యూళ్ల సంగతులు వ్రాసియిచ్చిరి. దానిని ఆ కాలపు క్రొత్త యంత్రముతో చదువదగిన పళ్లెములమీద నెక్కించిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ యంత్రములు మూలబడెను. పళ్లెములుండియు చదువు దిక్కులేదు. పండితులు ఎంతయో శ్రమపడి అందలి విషయమును రక్షించిరి. 2011లో దానిని అంతర్జాలమున పెట్టిరి. 2018లో ఆ వెబ్‌సైటును మూసివేసిరి. ప్రభుత్వ దస్తరశాల వారు దాని ప్రతిని దాచిరి. మొదటి పుస్తకమో, 1086 నాటిది, లండనులోని ఆ దస్తరశాలయందే నేటికిని చదువుటకు వీలుగా నున్నది.

కావున వెబ్‌సైటు మంచిదే. దూరమున నున్నవారికి చేర్చుటకు దానికి మించిన సాధనము లేదు. అయినను అది అద్దె యిల్లు వంటిది; ఏటేట కట్టవలసిన సొమ్ము కట్టనినాడు ఖాళీ చేయవలెను. స్నేహితులలో ఒకడు కొలువు దొరకి పోవును, ఒకడు పెండ్లియై సంసారమున మునుగును. తాళపుచెవి యెవరి చేతనున్నదో తెలియకుండ పోవును. కనుక ఏటికొకమారు దానిలోని సమస్తమును కాగితముమీద అచ్చొత్తించి, బడిలో నొకటి, గ్రంథాలయమున నొకటి, పంచాయతీ కచేరీలో నొకటి, వేరు వేరు వాడలలో నాలుగిండ్లయందు నాలుగు ప్రతులు ఉంచవలెను. బ్రౌను గారి పండితులు మనకు నేర్పిన పాఠమదియే.

ఇక పెద్దలు చేయవలసినది చెప్పి ముగింతును. మీ పెట్టెలోని పాత కాగితములను ఎవరికిని అసలు ఇచ్చివేయకుడు. మీ ముందరనే ఫోటో తీసికొననిండు. తగులబెట్టవలెనని తోచిననాడు ఒకమారు ఆ పిల్లలను పిలిచి చూపి, పిమ్మట ఆలోచింపుడు. ఊరవతల కుంకుమ పూసి కొలుచుచున్న రాతిమీద కత్తి పట్టిన వీరుని బొమ్మ యున్నచో అది వీరగల్లు కావచ్చును. పూజ మానవలదు, రంగు పూయుట మాత్రము మానుడు. గుడి జీర్ణోద్ధారము చేయునప్పుడు పాత బండలను మెట్లకు పరచుటకు ముందు వానిమీద అక్షరములున్నవేమో చూడుడు. పొలమునకు హద్దురాయిగా నున్న శాసనమును జేసీబీతో దొర్లించునప్పుడు ఒక్క దినము ఆగుడు.

అన్నిటికంటె ముఖ్యము మాట. 1948లో పదేండ్ల బాలుడుగా నుండినవాడు నేడు తొంబదికి చేరువలో నున్నాడు. మా యీడువారము అప్పటికి పుట్టలేదు. మేము విన్నదే గాని కన్నది లేదు. కన్నవారు మన యూళ్లలో వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది యున్నారు. రాయి వేయియేండ్లు కాచుకొని యుండగలదు. మనిషి కాచుకొని యుండలేడు. మీ వాకిటికి పిల్లలు కాగితము పట్టుకొని వచ్చినప్పుడు, “రేపు రండు” అనక కూర్చుండబెట్టి, గొంతు తడుపుకొని, తెలిసినంతవరకు చెప్పుడు. చూచినది చూచితినని, విన్నది వింటినని చెప్పుడు. ఆ పిల్లలు వ్రాసినదానిని మీకు మరల చదివి వినిపింపుమనుడు, తప్పున్నచో దిద్దుడు. మీ తాతల కవిలెలో మీ వంతు వరుస అదియే.

మన గ్రామములు సుభిక్షముగా నుండుగాక. సెలవు.